సింహరాశికి ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు

ఈ ఏడాది పేరు క్రోధి. ఉగాది నాడు పంతులుగారు ఆ మాట మైకులో చెప్పగానే మా ఆయన కోదండరామ్ నా వంక తిరిగి, "అచ్చం నీ పేరే పెట్టారే" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా కోపం సంగతి మా వాళ్ళందరికీ తెలిసిందే. ఆ రోజుకి దానికింకా కారణం దొరకలేదు, అంతే.

ఇక్కడ కెనడాలో మా గుడికి గోపురం లేదు. ఓక్‌విల్‌లో టైర్ల గోడౌన్ పక్కన అద్దెకు తీసుకున్న హాలు అది. ఎదురుగా సీతారామలక్ష్మణులు, ఒక మూల వెంకటేశ్వరస్వామి పటం, తలుపు దగ్గర బూట్ల గుట్ట. ఉగాది మంగళవారం వచ్చినా మేము చేసుకునేది శనివారమే. ఈ రెండు మూడేళ్ళలో కాలేజీ పిల్లలు ఎంతమంది దిగారంటే, ఒకప్పుడు పులిహోర మిగిలిపోయి డబ్బాల్లో ఇళ్ళకు మోసుకెళ్ళిన మాకు ఇప్పుడు వడ్డించేవాళ్ళకి కూడా మిగలడం లేదు. హామిల్టన్ నుంచి, ఇంకా అవతల నుంచి బస్సులు మారి వస్తారు. సగం దేవుడి కోసం, సగం భోజనం కోసం. ఇంటి తిండికి మొహం వాచిన పిల్లలు, రాక ఏం చేస్తారు!

పచ్చడి పంచాక పంచాంగ శ్రవణం. పంతులుగారు ఒక్కొక్క రాశికీ ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత చదువుతుంటే హాలంతా చెవులు రిక్కించింది. నాది కర్కాటకం. ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. ఆ వారమే ఇంట్లో హీటర్ పాడై, బాగుచేసేవాడు నా జీతంలో సగం పట్టుకుపోయాడు. ఇలాంటివి నవ్వుకుంటూ విని, నవ్వుకుంటూ మర్చిపోతాం. మా నాన్న తెనాలిలో అలాగే వినేవాడు. ఆదాయం ఎక్కువ వస్తే కాఫీ ఇంకొకటి తాగేవాడు, తక్కువ వస్తే పంతులు మొహం బాగాలేదనేవాడు.

సింహరాశి దగ్గరికి వచ్చేసరికి పంతులుగారు ఒక్క క్షణం ఆగారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు. వెనక వరసలో పిల్లలు గుసగుసలాడారు. నా పక్కన కూర్చున్న చరిత మొహం వాడిపోయింది. అది మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది. కరీంనగర్ వైపు పిల్ల. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపు. దాని నక్షత్రం మఖ.

పంచాంగం మూసేయగానే మైకు మా బావ చేతిలోకి వెళ్ళింది. బావంటే మా అక్క విశాలాక్షి మొగుడు, చక్రధర్. పగలు టొరంటోలో ఐటీ ఉద్యోగం, సాయంత్రాలూ శనివారాలూ ఇన్సూరెన్సు. విజిటింగ్ కార్డు మీద మాత్రం ఫైనాన్షియల్ అడ్వైజర్ అని ఉంటుంది. గుడి అద్దెలో సగం ఆయనే కడతాడు, కాబట్టి ఆయన మైకు పట్టుకుంటే పంతులుగారితో సహా అందరూ వినాల్సిందే. గోడ మీద తెర దింపి బొమ్మ వేశాడు. నాలుగు గడులు: ధర్మం, అర్థం, కామం, మోక్షం. ధర్మం గడిలో గుడికి విరాళం. అర్థం గడిలో ఉద్యోగం. కామం గడిలో ఇల్లూ కారూ. మోక్షం గడిలో లైఫ్ ఇన్సూరెన్సు.

నేను పకపకా నవ్వాను. అక్క నా మోచెయ్యి గిల్లింది.

మనవాళ్ళు డబ్బు విషయంలో ధర్మం వదిలేశారనీ, తెల్లవాళ్ళ పుస్తకాలు చదివి పాడైపోతున్నారనీ బావ చెప్పుకుపోయాడు. మన శాస్త్రం మనకు ముందే హెచ్చరిక ఇస్తుందిట. వ్యయం పద్నాలుగు అంటే భయపడక్కర్లేదుట, ఆ పోయే డబ్బేదో మంచి దారిలో మనమే ముందుగా పోగొట్టుకుంటే దోషం తీరిపోతుందిట. చేతులెత్తండి, సింహరాశి ఎవరెవరు అని అడిగాడు. ఓ పదిమంది ఎత్తారు. చరిత కూడా ఎత్తింది. నేను వంటగదిలో గిన్నెలు కడగడానికి వెళ్ళాను. ఆ తర్వాత జరిగింది నాకు నాలుగు రోజుల దాకా తెలియదు.

తెలిసింది కూడా నీళ్ళ వల్ల. బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ దగ్గర నీళ్ళు కారుతున్నాయని చూడ్డానికి దిగాను. చరిత మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏమైందంటే ఏం లేదంది. రెండోసారి అడిగేసరికి చెప్పింది. వాళ్ళ నాన్న పొలం తాకట్టు పెట్టి పంపింది కొంత, తన జీతం కొంత, సెప్టెంబరు ఫీజు కోసం దాచుకున్న డబ్బులో చాలా భాగం మా బావ దగ్గర పాలసీకి కట్టేసిందిట. నెలనెలా కడితే ఎక్కువ పడుతుంది, ఏడాదిది ఒకేసారి కట్టెయ్ అన్నాడుట ఆయన. ఫీజు కట్టకపోతే కాలేజీలో సీటు పోతుంది. సీటు పోతే స్టడీ పర్మిట్ పోయినట్టే. పైగా మే నెల నుంచి వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదని రూలు మళ్ళీ వస్తోంది. పోయిన డబ్బు సంపాదించుకునే దారి కూడా లేదు.

పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, దాని సంపాదన మీద ఆధారపడ్డవాళ్ళు ఈ దేశంలో ఒక్కరూ లేరు. ఆ పిల్లకి లైఫ్ ఇన్సూరెన్సు ఎందుకు? నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితాలు పైకి తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. పాలసీ చేతికి వచ్చిన పది రోజుల్లోపు వద్దనుకుంటే కట్టిందంతా వెనక్కిస్తారని అందులోనే ఉంది. ఇంకా గడువుంది. మర్నాడు నేను పనిచేసే హాస్పిటల్లోనే రద్దు ఉత్తరం టైప్ చేసి, ప్రింటు తీసి పట్టుకొచ్చాను. సంతకం పెట్టు, పొద్దున్నే పోస్టాఫీసుకి తీసుకెళ్తానన్నాను.

చరిత పెట్టనంది.

నాకు అర్థం కాలేదు. పాలసీ కాగితాల మొదటి పేజీ తిప్పి చూపించింది. పైన కుంకుమ బొట్టు ఉంది. చదివేటప్పుడు చూశాను గానీ, ఏదో మరకనుకున్నాను. నేను గిన్నెలు కడుగుతుండగా మా బావ చేసిన నిర్వాకం అదన్నమాట. పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, కాగితాలు రాముడి పాదాల దగ్గర పెట్టించి, కుంకుమ పెట్టించి, కళ్ళకద్దుకున్నాక సంతకాలు చేయించాడు. కొత్త కారు తాళాలు పెట్టినట్టు, పెళ్ళి శుభలేఖ పెట్టినట్టు. మనలో ఏది మొదలుపెట్టినా ముందు అక్కడ పెట్టే తీస్తాం కదా. అలా పెట్టి తీసిన కాగితాన్ని ఇందులో ఏముందంకుల్ అని ఏ పిల్ల అడుగుతుంది?

"దేవుని ముందట పెట్టిన ఆంటీ. ఇప్పుడు వద్దని ఎట్లంట?" అంది చరిత.

దేవుడు ఇన్సూరెన్స్ ఏజెంటు కాదు, నీ సంతకాలతో ఆయనకేం పని అని అరిచాను. అది తల వంచుకుని విని, అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"వీసా వస్తే వేములవాడ రాజన్నకు కోడెను కడతనని మొక్కుకున్న. వచ్చినంక ఆ సంబురంల మర్చిపోయి విమానం ఎక్కిన. నెల తిరగకముందే బాపు లారీ మీదికెళ్ళి పడ్డడు. ఇప్పటికీ కుంటుతడు. ఒక్కసారి మాట తప్పితే గట్లయింది. మల్ల తప్పమంటవా ఆంటీ?"

మొక్కులంటే మూఢనమ్మకం అని కొట్టిపారేసే మనిషిని కాదు నేను. జీతం పడగానే దేవుడి డబ్బాలో వెయ్యాల్సింది వేశాకే కిరాణా కొట్టుకి వెళ్తాను. అన్నం పెట్టే పనికి అడిగితే లేదనను, చుట్టాల దగ్గర వడ్డీ పుచ్చుకోను. మా నాన్న నేర్పిన లెక్క అది, ఎవరేమన్నా మార్చుకోను. డబ్బు విషయంలో దేవుణ్ణి నమ్మడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టే నాకంత కోపం వచ్చింది. ఆ పిల్ల భయం ఎక్కడుందో కనిపెట్టి, సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టి డబ్బు లాక్కున్నాడు మా బావ. దొంగతనం ఇంతకన్నా మర్యాదగా ఉంటుంది.

ఫోన్ చేశాను. ఆయన గొంతు వెన్నలా ఉంటుంది, ఎంత తిట్టినా గట్టిపడదు. పిల్లలకి పొదుపు అలవాటు చేస్తున్నాననీ, ఆ అమ్మాయి మేజరనీ, ఎవరి మీదా బలవంతం చేయలేదనీ చెప్పాడు. రద్దు చేయించమంటే, క్లయింటు అడిగితే తప్పకుండా చేస్తానన్నాడు. క్లయింటు అడగదని ఆయనకి తెలుసు. చివర్లో ఒక మాటన్నాడు.

"దుర్గా, ఆ పిల్ల నమ్మకాన్ని నువ్వు చెడగొట్టకు. పాపం తగులుతుంది."

ఫోన్ మంచం మీదకి విసిరేశాను. చుట్టరికం చెడగొట్టుకోకని మా ఆయన సర్దిచెప్పబోతే ఆయన మీదా పడ్డాను. అక్కకి చేద్దామని మళ్ళీ ఫోన్ తీసి, చేయలేకపోయాను. బావ వ్యాపారం సంగతి ఎత్తితే అక్క వినదు. ఆయన ఒకసారి ఉద్యోగం పోయి, ఏడాది పాటు ఇంట్లో కూర్చుని, ఈ ఇన్సూరెన్సు పట్టుకునే మళ్ళీ లేచి నిలబడ్డాడని దాని నమ్మకం. అది నిజం కూడా.

ఆ శనివారం మాకు శ్రీరామనవమి. వడపప్పు, పానకం నా వంతు. పెసరపప్పు కడుగుతూ, యాలకులు దంచుతూ పొద్దుటి నుంచీ బావని మనసులోనే తిడుతున్నాను. సింహరాశిట, మఖట, దోషమట. మఖ అని అనుకోగానే నా చెయ్యి ఆగిపోయింది.

ధాత్రి మఖలో పుట్టింది. ధాత్రి మా అక్క కూతురు. అక్కావాళ్ళు అమెరికాలో ఉన్నప్పుడు పుడితే, అక్కడి టైము ఇండియా టైముగా మార్చి, తెనాలిలో పంతులు దగ్గరికి పరిగెత్తిందాన్ని నేనే. మఖ మొదటి పాదం, శాంతి చేయించాలన్నాడాయన. అక్కావాళ్ళు ఊరికి వచ్చినప్పుడు నేనూ మా అమ్మా దగ్గర కూర్చుని చేయించాం. నువ్వులూ, నెయ్యిలో నీడ చూడడమూ, అన్నీ నాకు గుర్తున్నాయి. కన్నతండ్రి మర్చిపోయినా నేను మర్చిపోను. మఖంటే సింహరాశి.

సీతారాముల కల్యాణం బాగానే జరిగింది. తలంబ్రాలప్పుడు చరిత చేతులు జోడించి నిలబడితే, ఏం కోరుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. దాని భుజాన సంచి ఉంది. సంతకం పెట్టనన్న ఉత్తరం దాన్లోనే ఉందని పొద్దున కార్లో చూశాను. పారెయ్యలేదు. అది ఒక్కటే నాకు ఆశ.

పానకం గ్లాసులు పంచుతుండగా తెర దిగింది. మళ్ళీ ఆ నాలుగు గడులు. మళ్ళీ ఆ వెన్న గొంతు. ఉగాదికి రాలేకపోయినవాళ్ళ కోసం ఇంకోసారి చెబుతున్నానన్నాడు. సింహరాశివాళ్ళు ఎవరైనా మిగిలిపోయారా, చేతులెత్తండి అన్నాడు. కొత్త పిల్లలు ముగ్గురు ఎత్తారు.

నేను పళ్ళెం కింద పెట్టాను.

"మన ధాత్రి చెయ్యెత్తలేదేం బావా?"

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. బావ నవ్వాడు. ధాత్రి వెనక గోడకి చేరగిలి ఫోన్ చూసుకుంటోంది. యూనివర్సిటీలో మూడో ఏడు దానికి. తన పేరు వినబడేసరికి తలెత్తింది. నేను దాన్నే అడిగాను. నీది సింహరాశి, ఈ పిల్ల చరితదీ నీదీ ఒకటే నక్షత్రం, మీ నాన్న నీకీ పాలసీ ఎప్పుడు తీసుకున్నాడమ్మా అని.

ధాత్రికి అబద్ధం అక్కర్లేదు. దానికి ఇక్కడ ఏం జరుగుతోందో కూడా తెలియదు.

"నో పిన్నీ, ఐ డోంట్ హావ్ వన్. డాడ్ సెడ్ ఇట్స్ ఫర్ పీపుల్ విత్ కిడ్స్. హీ టోల్డ్ మీ నెవర్ టు మిక్స్ ఇన్సూరెన్స్ అండ్ సేవింగ్స్."

అని, మళ్ళీ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది.

దాని ఇంగ్లీషు అర్థం కానివాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు. పిల్లలున్నవాళ్ళకి ఇన్సూరెన్సు. పొదుపునీ ఇన్సూరెన్సునీ కలపకూడదు. ఒక తండ్రి కూతురికి చెప్పాల్సిన మాటే చెప్పాడు, ఎంత చక్కటి సలహా! అదే నక్షత్రంలో పుట్టిన ఇంకొకరి కూతురికి మాత్రం మోక్షం అమ్మాడు.

ఇది ఫ్యామిలీ మ్యాటర్, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నాడు బావ. మైకు ఇంకా ఆన్‌లోనే ఉండడంతో ఆ మాట కూడా హాలంతా వినిపించింది.

"ఇంట్లో ఎందుకు బావా? దేవుడి ముందే అమ్మారుగా, దేవుడి ముందే మాట్లాడదాం" అన్నాను. ఇంకా చాలా అన్నాను. గుడి అద్దె కడుతున్నంత మాత్రాన రాముడు మీ ఆఫీసు బంట్రోతు అయిపోడన్నాను. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బు మీద కుంకుమ పెట్టి పట్టుకుపోవడానికి మీకు చేతులెలా వచ్చాయన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. పంతులుగారు అక్షింతల పళ్ళెం సర్దుతూ తల ఎత్తలేదు. అక్క మొహం తెల్లగా పాలిపోయింది. దాన్ని చూసి అక్కడితో ఆపేశాను.

అప్పుడు చరిత లేచింది. నేను చెప్పలేదు, సైగ కూడా చేయలేదు. సంచిలోంచి ఆ ఉత్తరం తీసింది. పక్కనున్న కుర్రాణ్ణి పెన్ను అడిగింది. తిన్నగా రాముడి దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఉత్తరం పాదాల దగ్గర పెట్టింది. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. రాజన్నతో చెప్పుకుందో, రాముడితో చెప్పుకుందో. తర్వాత అక్కడే సంతకం పెట్టి, వేలితో కుంకుమ తీసి, కాగితం పైన గుండ్రంగా బొట్టు పెట్టింది. లేచి మా బావ ఎదురుగా వచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"దేవుని ముందట ఇప్పిచ్చిన్రు కదా అంకుల్. దేవుని ముందటనే తీసుకోండ్రి."

ఇన్నాళ్ళూ భయం అనుకున్నదాని అడుగున ఇంత కోపం ఉందని నేను కూడా అనుకోలేదు.

బావ తీసుకోలేదు. రద్దులు ఇలా గుళ్ళో తీసుకోరనీ, కంపెనీకి పంపాలనీ, దానికో పద్ధతుందనీ ఏదో అన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వారం రోజులుగా కనబడ్డ ప్రతి కాగితానికీ బొట్టు పెట్టించిన మనిషి, ఆ ఒక్క బొట్టునీ ముట్టుకోలేకపోయాడు. చరిత మాత్రం కదల్లేదు. ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. వెనక వరసలో ఉగాదికి సంతకం పెట్టిన పిల్లల్లో ఒకడు, ఆ రద్దు ఉత్తరంలో ఏం రాయాలని పక్కవాణ్ణి అడగడం నాకు వినబడింది.

మా అక్క లేచింది. నా వైపు చూడలేదు. ఇకపై చాలా రోజులు చూడదని నాకు అప్పుడే అర్థమైంది. చరిత చేతుల్లోంచి ఆ కాగితం తీసుకుంది. ప్రసాదం కళ్ళకద్దుకున్నట్టు రెండు కళ్ళకీ అద్దుకుంది. నాలుగు మడతలు పెట్టి మా బావ చొక్కా జేబులో పెట్టి, పడిపోకుండా పైనుంచి ఒకసారి తట్టింది.

"సోమవారం పొద్దున్నే పంపండి" అంది. "ఆ పిల్ల డబ్బు దానికి చేరిందని నాకు చూపించాకే మీకు ఇంట్లో కాఫీ."

తర్వాత పళ్ళెం తీసుకుని, మిగిలిన పానకం తనే పంచింది.